లోపలికొక దారం, బయటికొక దారం

గొడుగు వెతుక్కోవడంతోనే పర్లేదు మాస్టారికి తెల్లవారేది. ఆ రోజూ అంతే. మంచం కింద చూశారు. తలుపు వెనక చూశారు. నిన్న చినుకు కూడా పడలేదు కాబట్టి అక్కడ ఆరేసి ఉండదని తెలిసి కూడా స్నానాల గదిలోకి తొంగిచూశారు. తీరా చూస్తే అది ఆయన ఎడమ మోచేతికే వేలాడుతోంది. వంటింటి గుమ్మంలో నిలబడి ఈ తతంగమంతా చూస్తున్న భార్య ఒక్క మాటా చెప్పలేదు. పెళ్ళయిన కొత్తలో చెప్పేది. పొద్దున్నే ఈమాత్రం కాలక్షేపం ఇంకెక్కడ దొరుకుతుందని తర్వాత మానేసింది.

"ఇవాళైనా దాన్ని ఇంటికి తెచ్చుకోండి," అంది అన్నం డబ్బా చేతికిస్తూ. "ఇన్నాళ్ళూ మీరు బళ్ళో మర్చిపోయి రావడం, పిల్లలెవరో వెనకాలే పరిగెత్తుకొచ్చి ఇచ్చిపోవడం. ఇక మీదట ఇచ్చిపోయేవాళ్ళుండరు."

"పర్లేదు," అన్నారు మాస్టారు.

ఆ మాటే ఆయనకు పేరై కూర్చుంది. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండాలి, కానీ బళ్ళో దాని అవసరం ఎవరికీ పడలేదు. గుండీ ఊడినా పర్లేదు, టీ చల్లారినా పర్లేదు, తన పీరియడు వేరేవాళ్ళు లాక్కున్నా పర్లేదు. ఉపాధ్యాయులందరూ కలిసి ఫోటో తీయించుకున్న రోజు ఆయన మొహానికి సరిగ్గా అడ్డంగా వరండా స్తంభం వచ్చింది. ఇంకోసారి తీద్దామంటే అదీ పర్లేదన్నారు. ఆ ఫోటోలో ఇప్పటికీ ఆయనది ఒక చెవీ, సగం కళ్ళజోడూ కనిపిస్తాయి. పాత విద్యార్థులు ఆయన్ని తలుచుకోవాలన్నా "డ్రాయింగు మాస్టారు వెళ్ళాక వచ్చేవారు చూడు, ఆయన" అని చెప్పుకునేవాళ్ళు. సాంఘికశాస్త్రం చెప్పేవారు. ఎవర్నీ కొట్టి గుర్తుండిపోలేదు, ఎవర్నీ ఆకాశానికెత్తీ గుర్తుండిపోలేదు.

ఆ శుక్రవారం ఆయన ఉద్యోగానికి ఆఖరి రోజు. సంగతి ఆయనకూ, ఆయన భార్యకూ, పెద్ద మేడమ్ అని అందరూ పిలిచే ప్రధానోపాధ్యాయురాలికీ తప్ప ఇంకెవరికీ తెలియదు. పెద్ద మేడమ్ సభ పెడతానన్నారు. మాస్టారు బతిమాలి మానిపించారు.

"కుర్చీ వేసి కూర్చోబెట్టి నా ఎదురుగానే నన్ను పొగుడుతుంటే ఎటు చూడాలో తెలీదు మేడమ్. పొద్దున రోజూలాగే వస్తాను, సాయంత్రం రోజూలాగే వెళ్ళిపోతాను."

పెద్ద మేడమ్ బలవంతపెట్టలేదు. ఆవిడ దృష్టి అప్పటికే మాస్టారి తరగతి గది మీద ఉంది. విరిగిన బల్లలు పెట్టుకోవడానికి ఆవిడ ఎన్నాళ్ళుగానో ఒక గది కోసం వెతుకుతున్నారు. మాస్టారు వెళ్ళాక పిల్లల్ని పక్క సెక్షనులో కలిపేస్తే ఆ గది ఖాళీ అవుతుంది.

అయితే ఆ గదిలో ఒక వెబ్‌సైటు ఉంది. కంప్యూటర్లో కాదు, గదిలోనే, గోడల మీద.

దాని కథ ఇది. వెబ్‌సైట్లు కట్టించి పాఠాలు ఎలా నేర్పాలో చెప్పే శిక్షణకు బడి తరఫున ఒకరిని పంపమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మీరంటే మీరని అందరూ తప్పుకున్నారు. ఎప్పుడూ తప్పుకోని మనిషి ఒకరే కనుక ఆయన వెళ్ళారు. తెర మీద శిక్షకురాలు చకచకా ఏవో నొక్కుతుంటే మాస్టారికి సగం అర్థమైంది, సగం కళ్ళ ముందునుంచే వెళ్ళిపోయింది. ఒక్క ముక్క మాత్రం పట్టుకున్నారు. పేజీలు ఎన్ని ఉన్నా లాభం లేదు, ఒక పేజీనుంచి ఇంకో పేజీకి దారి ఉండాలి, ఆ దారినే లింకు అంటారు అని. ఇంటికొచ్చి ఆలోచిస్తూ కూర్చుంటే ఎదురుగా భార్య ఊలుతో స్వెట్టరు అల్లుతోంది. ఊలు ఉండ దొర్లి ఆయన కాలి దగ్గరకొచ్చి ఆగింది. అంతే, ఆ స్వెట్టరు ఇప్పటికీ ఒక చెయ్యి లేకుండానే ఉంది.

మర్నాడు తరగతిలో పిల్లలకు చెప్పారు. బడి చుట్టూ ఉన్న వీధుల్లో ఎవరెవరు ఏయే పని చేస్తున్నారో వెళ్ళి చూడండి. ఒక్కొక్కరి మీద ఒక్కో పేజీ రాయండి. అట్ట మీద అతికించి గోడకు తగిలించండి. ఒకరి పని ఇంకొకరి పనితో ఎక్కడ ముడిపడిందో కనుక్కుని ఆ పేజీనుంచి ఈ పేజీకి ఊలు కట్టండి. ఊలు కట్టిన మేకును ముట్టుకుంటే అదే క్లిక్కు. ముట్టుకున్నవాళ్ళు ఊలు పట్టుకుని అది ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికి నడిచి వెళ్ళాలి. అంతా గోడ మీద కుదిరాక కంప్యూటర్లోకి ఎక్కిద్దాం. బళ్ళో పనిచేసే కంప్యూటరు ఒకటే కనుక ఈ పద్ధతి అందరికీ నచ్చింది.

మొదట్లో పిల్లలు ఇంటిపనికి రాసినట్టే రాసుకొచ్చారు. దర్జీ బట్టలు కుట్టును. డ్రైవరు బస్సు నడుపును. మాస్టారు చదివి, "పర్లేదు. కానీ దీన్ని చదవబోయేది నేను కాదు. ఎక్కడో కూర్చున్న ముక్కూమొహం తెలియని మనిషి. దర్జీ బట్టలు కుడతాడని ఆయనకి తెలీదా?" అన్నారు. పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. మాస్టారి కోసమైతే ఎలాగోలా గట్టెక్కవచ్చు, తెలియని మనిషి దగ్గర పరువు పోగొట్టుకోవడం మాత్రం ఎవరికీ ఇష్టం లేకపోయింది. మళ్ళీ దుకాణాల మీద పడ్డారు. ఈసారి దర్జీ పేజీలో ఇలా ఉంది: మనం లావైతే మనకంటే ముందు దర్జీకి తెలుస్తుంది, కానీ ఆయన పైకి అనడు, లోపల వదిలిపెట్టిన గుడ్డలోంచి కొంచెం విప్పి ఊరుకుంటాడు. మాస్టారు ఆ పేజీ చదివి, మళ్ళీ మొదటినుంచీ చదివారు. పర్లేదు అని కూడా అనలేదు. పిల్లలకు అదే పెద్ద మెచ్చుకోలు.

అన్నిటికీ పర్లేదనే మనిషికి ఒక్క విషయంలో మాత్రం పట్టుదల వచ్చింది. ప్రతి పేజీకీ లోపలికొక దారం రావాలి, బయటికొక దారం పోవాలి. ఎవరూ రాని పేజీ పనికిరాదు, ఎటూ పోని పేజీ అంతకన్నా పనికిరాదు. దారం ఒక కొస గాలిలో వేలాడుతుంటే ఆయనకు అన్నం సహించేది కాదు.

ఇవాళ పైనుంచి అధికారి వస్తున్నారు. బాగుందంటే ఆ సైటును విద్యాశాఖ వాళ్ళ సొంత సైటులో ఎక్కిస్తారు, గోడను గోడలాగే ఉంచమని రాస్తారు, ఎవరు వెళ్ళినా అది నిలిచి ఉంటుంది. కాదంటే సోమవారం ఆ గదిలోకి విరిగిన బల్లలు వస్తాయి. మాస్టారు ఉద్యోగమంతటిలో తనకంటూ కోరుకున్నది ఇదొక్కటే. అది కూడా ఎవరికీ చెప్పుకోలేదు.

మలుపు దగ్గర బస్సు డ్రైవరు రోజూలాగే ఆయన కనిపించేదాకా బస్సు ఆపాడు. లోపల జనం గొణుక్కున్నారు. మాస్టారు ఎక్కి, రోజూలాగే ఒక్కొక్కరికీ సంజాయిషీ చెప్పుకుంటూ వెళ్ళి చివరి సీట్లో కూర్చున్నారు.

బడికొచ్చి గది తాళం తీసి, తలుపు పక్కనున్న మేకుకు గొడుగు తగిలించారు. ఆ మేకు ఆయనదే. ఆయన కొట్టింది కాదు, అక్కడ ఉంటే వాడుకుంటున్నారు. తర్వాత గది మధ్యలో నిలబడి చుట్టూ చూశారు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం ఊలు దారాలు గోడనుంచి గోడకు, కొన్ని తల మీదుగా, కొన్ని నడుం ఎత్తులో. దర్జీనుంచి ఇస్త్రీ బండికి. ఇస్త్రీ బండినుంచి బస్సు డ్రైవరుకు. డ్రైవరునుంచి పాత పుస్తకాల కొట్టుకు. అన్ని చోట్లనుంచీ తాళాలాయనకు, ఎందుకంటే తాళంచెవి పోగొట్టుకోని మనిషి ఆ వీధుల్లో లేడు. తాళంచెవి గదిలో పెట్టి తాళం వేసేసి, ఆయన్ని పిలిపించుకున్నవాళ్ళలో మాస్టారే మొదటివారు. తలుపుకు ఎదురుగా మొదటి పేజీ. దాని మీద రాత లేదు. తరగతిలో ఉన్న పిల్లలందరి అరచేతుల అచ్చులు, రకరకాల రంగుల్లో, ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉన్నాయి.

అప్పుడు కనిపించింది. డ్రైవరు పేజీ మేకునుంచి ఒక తెల్లదారం కిందికి వేలాడుతోంది. ఊలు కాదు, బట్టలు కుట్టే సన్నదారం. రెండో కొస ఎక్కడా కట్టి లేదు.

పిల్లలు వచ్చాక మాస్టారు దాన్ని వేలితో ఎత్తి చూపించారు. "ఇదెవరిది?"

వేళ్ళకు ఎప్పుడూ బంక అంటుకుని ఉండే పిల్లాడు, అందరూ జిగురు అని పిలిచేవాడు, చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. రోజుకొక సంచీ ప్రశ్నలతో వచ్చే పిల్ల, ప్రశ్నల పాప, ముందు వరసలోంచి లేచింది.

"అది ఇంకా తయారవుతోంది సార్. కొత్త పేజీ."

"ఎవరి మీద?"

"అది... తయారయ్యాక చెప్తాం సార్."

"అధికారిగారు వచ్చేలోగా అవుతుందా?"

"అవదు సార్. సోమవారం అవుతుంది," అని ప్రశ్నల పాప ఆగింది. "సార్, ఒక పేజీకి లోపలికి చాలా దారాలు వచ్చి, బయటికి ఎటు కట్టాలో తెలియకపోతే ఏం చెయ్యాలి? అట్లాగే వదిలేస్తే తప్పా?"

"తప్పే కదమ్మా. అక్కడికెళ్ళినవాళ్ళు ఇంక ఎటూ పోలేక ఇరుక్కుపోతారు."

"అందుకే అవలేదు సార్," అని ఆ పిల్ల దిగులుగా కూర్చుంది. మాస్టారికి ఏమీ అర్థం కాలేదు. దారాన్ని చుట్టి డ్రైవరు పేజీ వెనక దోపారు.

మధ్యాహ్నం, అధికారికి సైటు చూపించడానికి, పనిచేసే ఆ ఒక్క కంప్యూటరును ఆన్ చేశారు. అది లేస్తూనే, తనను తాను బాగుచేసుకుంటున్నాననీ, దయచేసి ఎవరూ ముట్టుకోవద్దనీ తెర మీద రాసి, ఒక చక్రం తిప్పడం మొదలుపెట్టింది. గుమాస్తా వచ్చి చూసి, ఇలాంటప్పుడు దాన్ని కదిలించకూడదని, ఏదో పెద్ద ఆపరేషను జరుగుతున్నట్టు గొంతు తగ్గించి చెప్పాడు. అధికారి కారు గేటులోకి వచ్చేసరికి కూడా ఆ చక్రం తిరుగుతూనే ఉంది.

అధికారి భారీ మనిషి. కోటు బిగుతుగా ఉంది. పెద్ద మేడమ్ ఆయన పక్కనే నడుస్తూ దారి పొడుగునా బడి గొప్పలు చెప్పుకొస్తున్నారు.

"ఏదీ మీ సైటు?" అన్నాడాయన, కంప్యూటరు ముందు కుర్చీలో కూర్చోబోతూ.

"అది కొంచెం బాగవుతోందండి," అని మాస్టారు నీళ్ళు నమిలారు. "పర్లేదు, మీరు నడవగలిగితే చూపిస్తాను."

అధికారి తన కాళ్ళ వంక చూసుకున్నాడు. సైటు చూడటానికి నడవగలగాలని ఇంతకుముందు ఆయనతో ఎవరూ అనలేదు.

ప్రశ్నల పాప ఆయన్ని మొదటి పేజీ దగ్గరకు తీసుకెళ్ళింది. "ఇక్కడ ముట్టుకోండి సార్. ముట్టుకుని టిక్ అనాలి."

"ఎవరు, నేనా?"

"అవును సార్. అనకపోతే తెరుచుకోదు."

అధికారి గది చుట్టూ ఒకసారి చూసి, చిన్న గొంతుతో "టిక్" అన్నాడు. ఎర్ర ఊలు చేతికిచ్చారు. దాన్ని పట్టుకుని ఆయన రెండు దారాల కింద వంగి, ఒకదాన్ని దాటి, దర్జీ పేజీ దగ్గర తేలాడు. మనం లావైతే మనకంటే ముందు దర్జీకి తెలుస్తుంది అన్నది చదివాడు. చదువుతుండగానే ఆయన పొట్ట దానంతటదే లోపలికి వెళ్ళింది, కోటు గుండీ ఊపిరి పీల్చుకుంది. "ఎవరు రాశారిది?" అన్నాడు. వెనకనుంచి ఒక చెయ్యి భయంభయంగా లేచింది. "ఆయన మనసులో అనుకునేది నీకెలా తెలిసింది?"

"అడిగాను సార్. మొదటిసారి చెప్పలేదు. మూడోసారి చెప్పాడు."

"ఊఁ," అన్నాడు అధికారి. ఈసారి ఎవరూ అడగకుండానే మేకు ముట్టుకుని, గట్టిగానే "టిక్" అన్నాడు.

ఇక ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఇస్త్రీ బండి దగ్గరకు వెళ్ళాడు. తాళాలాయన దగ్గరకు వెళ్ళాడు. ఒకచోట, ఇందాకటి పేజీ ఇంకోసారి చూడాలని వెనక్కి తిరగబోతే జిగురు అడ్డంపడ్డాడు. "అట్లా తిరగకూడదు సార్. వెనక్కి పోవాలంటే వెనక్కే నడవాలి. అదే మా రూలు." విద్యాశాఖలో అంత పెద్ద అధికారి, ఎడమ చేత్తో పచ్చ ఊలు పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ వెనక్కి నడిచాడు. నడిచి నడిచి పెద్ద మేడమ్‌కు తగిలాడు. ఆవిడ వెళ్ళి దారాల్లో చిక్కుకున్నారు. ఆవిడ జడకు పసుపు ఊలు, గాజుకు నీలం ఊలు పట్టుకున్నాయి. విడిపించడానికి వెళ్ళిన గుమాస్తా కూడా అక్కడే ఉండిపోయాడు. పిల్లలు నవ్వాపుకోలేక బల్లల కిందికి దూరారు. మాస్టారు మాత్రం ఏ ఊలూ తెగకుండా ఒక్కొక్క చిక్కూ విప్పుతూ, మధ్యమధ్య "పర్లేదు మేడమ్, పర్లేదు" అంటూనే ఉన్నారు. ఆవిడ మొహం చూస్తే పర్లేదని ఎవరికీ అనిపించలేదు.

చివరికి అధికారి డ్రైవరు పేజీకి చేరుకున్నాడు. ఒకాయన రావడం రోజూ ఆలస్యమైతే ఆయన కోసం డ్రైవరు మలుపు దగ్గర బస్సు ఆపుతాడనీ, మిగతావాళ్ళు తిడితే పడతాడనీ అందులో ఉంది. మాస్టారికి చెవులు వేడెక్కాయి. అధికారి అట్ట వెనక వేలు పెట్టి తెల్లదారం కొస బయటికి లాగాడు.

"ఇదెటు పోతుంది?"

"తయారవుతోంది సార్," అంది ప్రశ్నల పాప.

అధికారి గడ్డం గీరుకున్నాడు. "చూడండి మాస్టారూ. నాకు నచ్చింది. చాలా నచ్చింది. కానీ తెగిపోయిన లింకు ఉన్న సైటును మావాళ్ళు ఎక్కించరు. ఉన్న నిబంధన అదొక్కటే. నేను మేడమ్ గదిలో టీ తాగుతుంటాను. మీరు ఈ ఒక్క దారం తీసేశానని వచ్చి చెబితే ఇప్పుడే సంతకం పెట్టేస్తాను. లేదంటే సోమవారం పూర్తిచేసి కబురు పెట్టండి, అప్పుడు చూద్దాం. మీ ఇష్టం."

ఆయన వెళ్ళగానే గంట మోగింది. పిల్లలు సంచులు తగిలించుకున్నారు కానీ కదల్లేదు. మాస్టారి చేతిలోకి కత్తెర వచ్చి ఉంది.

"కత్తిరించొద్దు సార్," అన్నాడు జిగురు.

"ఒక్క దారమే కదరా. పేజీ మీరు తర్వాత ఎప్పుడైనా పెట్టుకోవచ్చు."

"సోమవారం దాకా ఆగండి సార్," అంది ప్రశ్నల పాప. ఆ పిల్లకు కళ్ళనీళ్ళు ఒక్కటే తక్కువ. "సోమవారం మీరు తొందరగా రండి. మీరొచ్చేసరికి అయిపోతుంది. బయటికి ఎటు కట్టాలో మేం ఎట్లాగో కనుక్కుంటాం."

సోమవారం తాను రానని చెప్పడానికి మాస్టారు నోరు తెరిచారు. ఆ పిల్ల మొహం చూసి మూసుకున్నారు. సభ వద్దన్నప్పుడు తనను తాను ఎంత తెలివైనవాడిననుకున్నారో, ఇప్పుడు అంత తెలివితక్కువవాడినని తెలిసొచ్చింది. చెప్పకుండా పోవడం సులువనుకున్నారు. ఇలా అడిగేవాళ్ళు ఉంటారని అనుకోలేదు.

"ఊఁ. వెళ్ళండి, చీకటి పడుతుంది," అన్నారు.

గది ఖాళీ అయింది. ఆయన కత్తెర పట్టుకుని నిలబడ్డారు. సోమవారం తను ఉండరు. తను లేకపోతే పెద్ద మేడమ్‌కు గుర్తుచేసేవాళ్ళెవరు, అధికారికి కబురు పెట్టేదెవరు? బల్లలు వచ్చేస్తాయి. ఒక్క దారం కత్తిరిస్తే ఇవాళే, తన కళ్ళ ముందే అంతా నిలబడుతుంది. తనకంటూ కోరుకున్న ఒక్కటీ దక్కుతుంది. పిల్లలు అలుగుతారు, రెండు రోజుల్లో మర్చిపోతారు. పర్లేదు అనుకున్నారు. దారం మొదలు పైన కట్టి ఉంది. అందుకోవడానికి బల్ల ఎక్కారు.

పడమటి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా లోపలికి వచ్చింది. ఆ వెలుగులో, పైనుంచి చూస్తే, కిందనుంచి కనిపించనివి కనిపించాయి. రంగురంగుల ఊలు దారాల వెనకగా, గోడకు ఆనుకుని, ఒక్కొక్క పేజీనుంచి ఒక్కొక్క సన్నని తెల్లదారం బయల్దేరి ఉంది. దర్జీ పేజీనుంచి ఒకటి. తన జేబులు చిరిగినప్పుడల్లా కుట్టింది ఆ దర్జీయే. తాళాలాయన దగ్గరనుంచి ఒకటి. పాత పుస్తకాల కొట్టునుంచి ఒకటి. ఇస్త్రీ బండినుంచి కూడా ఒకటి ఉంది, ఆయన చొక్కా చూసినవాళ్ళెవరూ ఆ సంబంధం ఊహించలేరు. అన్నీ గోడ వెంబడే పోయి ఒకేచోట చేరాయి.

మాస్టారు బల్ల దిగి ఆ దారాల వెంట నడిచారు. ఎవరూ లేకపోయినా, ముట్టుకున్నప్పుడు "టిక్" అనే అన్నారు, రూలు రూలే కదా. నడిచి తలుపు పక్కకు వచ్చారు. గొడుగు పక్కకు జరిపి చూశారు. తన మేకుకు తెల్లదారాలన్నీ ముడివేసి ఉన్నాయి. డ్రైవరుది ఒక్కటే జారిపోయింది. రోజూ విసురుగా గొడుగు తగిలించేది ఆయనే కనుక, జార్చింది కూడా ఆయనే. మేకు కింద, తెల్లగోడలో కలిసిపోయేలా, ఒక తెల్ల అట్ట అతికించి ఉంది. చుట్టూ పెన్సిలుతో గీతలు గీశారు. లోపల ఇంకా ఏమీ రాయలేదు.

లోపలికి ఇన్ని దారాలు. బయటికి ఒక్కటీ లేదు. పొద్దుట ఆ పిల్ల అడిగిన ప్రశ్న ఇప్పుడు అర్థమైంది. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి. మళ్ళీ పెట్టుకుంటే మళ్ళీ మసకగానే కనిపించింది. ఫోటోలో స్తంభం వెనక ఉండిపోయిన మనిషి కోసం వీళ్ళు ఇన్ని గోడలు తిరిగారని ఆయనకు ఏడుపొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. కత్తెర తీసి బల్ల సొరుగులో పెట్టేశారు.

పెద్ద మేడమ్ గదికి వెళ్ళారు. అధికారి రెండో టీ తాగుతున్నాడు. మేడమ్ జడలో ఇంకా చిన్న పసుపు ఊలు ముక్క ఉంది. ఆ సంగతి ఆవిడతో ఎవరూ చెప్పినట్టు లేదు.

"తీసేశారా?" అన్నాడు అధికారి కలం మూత విప్పుతూ.

"లేదండీ. సోమవారమే చూడండి. పర్లేదు."

"సోమవారం ఎవరు కబురు పెడతారు? మీరు ఇవాళే దిగిపోతున్నారని మేడమ్ ఇప్పుడే చెప్పారు."

"పిల్లలు పెడతారండి. వాళ్ళ సైటు అది." మాస్టారు పెద్ద మేడమ్ వైపు తిరిగారు. సభ వద్దని బతిమాలడం తప్ప, ఇన్నేళ్ళలో ఆవిడను ఆయన ఏదీ అడిగి ఎరగరు. "మేడమ్, సోమవారం మాత్రం ఆ గదిలోకి బల్లలు రాకూడదు."

ఆ గొంతు ఆవిడకు కొత్త. ఒక్క క్షణం ఎవరు మాట్లాడారా అన్నట్టు చూశారు. "రావు లెండి," అన్నారు చివరికి. "వరండాలో పెట్టిస్తాను."

అధికారి కలం మూత పెట్టేశాడు. "సోమవారం నేనే వస్తాను. ఆ దారం ఎటు పోతుందో చూడకుండా నాకు నిద్ర పట్టేట్టు లేదు."

మాస్టారు గదికి తిరిగొచ్చారు. ముందు డ్రైవరు దారాన్ని తీసుకెళ్ళి మేకుకు గట్టిగా ముడివేశారు. తర్వాత సొరుగులో మిగిలిన ఎర్ర ఊలు ఉండ తీశారు. ఒక కొస గొడుగు పిడికి కట్టారు. ఉండ విప్పుకుంటూ గదికి అడ్డంగా నడిచి, రెండో కొస మొదటి పేజీ మేకుకు, పిల్లల అరచేతుల పక్కన కట్టారు. ఆయన దగ్గరకు వచ్చినవాళ్ళెవరూ ఇక ఇరుక్కుపోరు. అక్కడినుంచి తిన్నగా పిల్లల దగ్గరకే వెళ్తారు. అట్ట మీద ఆయన ఏమీ రాయలేదు. అది వాళ్ళ పేజీ.

తలుపు మూసి, తాళంచెవి చేతిలో ఉందో లేదో రెండుసార్లు చూసుకుని, తాళం వేశారు. చెవిని గుమాస్తాకు ఇచ్చారు. "సోమవారం కలుద్దాం సార్," అన్నాడు గుమాస్తా అలవాటుగా, కంప్యూటరులో తిరుగుతున్న చక్రం మీదనుంచి చూపు తిప్పకుండా.

గేటు దాటగానే చినుకులు మొదలయ్యాయి. మలుపు దాకా వచ్చేసరికి వాన పెద్దదైంది. వెనకనుంచి ఎవరూ పరిగెత్తుకుంటూ రాలేదు. మాస్టారు ఒకసారి తిరిగి చూశారు, తర్వాత నడిచారు. డ్రైవరు ఆయన కోసం బస్సు ఆపే ఉంచాడు.

తలుపు తీసిన భార్య ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. చేతులు ఖాళీగా ఉన్నాయి.

"ఇవాళ కూడా మర్చిపోయారు," అంది తువ్వాలు అందిస్తూ.

"మర్చిపోలేదు," అన్నారు మాస్టారు తల తుడుచుకుంటూ. "పెట్టొచ్చాను."

ఆవిడ లోపలికి వెళ్ళి టీకి నీళ్ళు పెట్టింది.

తాళం వేసిన గదిలో, తలుపు పక్కన మేకుకు, చుట్టూ తెల్లదారాలతో, పిడికి ఒక ఎర్ర ఊలుతో, ఆ పాత నల్ల గొడుగు పొడిగా వేలాడుతోంది.